మందుల లెక్కలోకి రాని బిళ్ళ

జగ్గయ్యపేటలో నా క్లినిక్ బోర్డు దించడానికి వచ్చిన మనిషి, ఇంత బరువుందేంటండీ అని విసుక్కున్నాడు. పాతకాలపు ఇనప రేకు బోర్డు, బరువుండక ఏమవుతుంది. ఇప్పుడక్కడ ఒక కుర్ర డాక్టరమ్మ పేరు మెరిసే అక్షరాల్లో వెలుగుతోంది. నా గది, నా బల్ల, నా కుర్చీ అన్నీ ఆ అమ్మాయే తీసుకుంది. కుర్చీ మాత్రం మార్చుకోమని చెప్పాను, నడుము పట్టేస్తుంది. తాళాలిస్తుంటే ఆ అమ్మాయి, ఇక్కడ ఎలాంటి కేసులొస్తాయి మేడమ్ అని అడిగింది. జ్వరాలు, షుగర్లు, బీపీలు అని చెప్పి వచ్చేశాను. అది జవాబు కాదని ఆటో ఎక్కాక అనిపించింది. అసలు జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

నేను ఎక్కడ చదివానో, ఎవరు శాలువా కప్పారో ఇందులో ఉండదు. చందర్లపాడులో టీచర్ల ఇంట్లో పుట్టాను. నందిగామలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో పని నేర్చుకున్నాను. జగ్గయ్యపేటలో సొంతంగా కూర్చున్నాను. అంతే. కిడ్నీ స్పెషలిస్టుని కాదు, మామూలు ఫిజీషియన్ని. అయినా నా సర్వీసు మొత్తంలో నేను మొండికేసి పోరాడింది ఒక్క విషయం మీదే. అప్పటికే కిడ్నీ జబ్బున్న మనిషికి కిడ్నీ ఇంకా పాడైతే, అది పాత జబ్బే అని ఎవరూ చూడకుండా తేల్చేయకూడదు. ఈ మాట చెప్పినంత తేలిక కాదు చేయడం.

పెద్ద డాక్టరుగారు

నందిగామలో నేను చేరిన నర్సింగ్ హోము యజమానిని అందరూ పెద్ద డాక్టరుగారు అనేవారు. నాకు పని నేర్పింది ఆయనే. రోగి మంచం పక్కన నిలబడి అడిగితే ఊరుకునేవారు కాదు. "కూర్చో అమ్మాయ్. నువ్వు నిలబడితే వెళ్ళిపోయే తొందరలో ఉన్నావనుకుని వాళ్ళు సగమే చెబుతారు" అనేవారు. ఆ ఒక్క మాటతో నేను నలభై ఏళ్ళు బతికాను. స్కానింగులు లేని రోజుల్లో ఆయన కడుపు మీద చెయ్యేసి చెప్పింది చాలాసార్లు నిజమయ్యేది.

అంతటి మనిషికీ ఒక లోపం ఉండేది. ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకునేవారు కాదు. కిడ్నీ అనే మాట ఒక రోగి చీటీ మీద పడిందా, ఇక ఆ తర్వాత ఆ మనిషికి ఏమొచ్చినా దాని ఖాతాలోనే వేసేవారు. నీరసమా, కిడ్నీ. వాంతులా, కిడ్నీ. జ్వరమా, కిడ్నీ రోగికి జ్వరం రాదా ఏంటి అనేవారు. ఇది ఆయనొక్కడి జబ్బు కాదు. నేను చూసిన డాక్టర్లలో చాలామందికి ఉంది. ఒక పెద్ద పేరున్న జబ్బు దొరికితే ఇంకోటి వెతకబుద్ధి కాదు. ఎదురుగా కనపడుతున్న దొంగ మీదే అన్ని దొంగతనాలూ రాసేయడం లాంటిది.

సైదులు అనే లారీ డ్రైవరు ఉండేవాడు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ధాబాల్లో నులక మంచాల మీదే అతని జీవితం సగం గడిచింది. బీపీ వల్ల కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయని ముందే తెలుసు. మా దగ్గరే మందులు వాడేవాడు. నడుం నొప్పికి దారిపొడుగునా కనపడిన షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కునేవాడు. ఒకసారి పంటి నొప్పికి ఏదో యాంటీబయాటిక్ కూడా వాడి, కొన్నాళ్ళకు జ్వరంతో, కీళ్ళ నొప్పులతో వచ్చాడు. మూత్రం తగ్గింది. వెనక స్టెతస్కోపు పెట్టబోతే వీపంతా ఎర్రటి దద్దుర్లు. పెద్ద డాక్టరుగారికి చెప్పాను.

"లారీ ఇంజను వేడికి పేలుంటుంది. పాత కిడ్నీ ముదిరింది, బెజవాడ రాసెయ్" అన్నారు.

రాసేశాను. బెజవాడలోనూ ఆ చీటీ చూసి అదే అనుకున్నారు. సైదులు డయాలసిస్‌లో పడ్డాడు. లారీ ఎక్కడం మానేశాడు. తర్వాత మనిషే లేకుండా పోయాడు. అది మందు పడక కిడ్నీలో వచ్చిన వాపేనని నేను ఇవాళ కూడా ఖాయంగా చెప్పలేను. ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే ఎవరూ వెతకలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మందు పడకపోవడం అంటే

మన దగ్గర మందు పడలేదు అంటే దురద, దద్దుర్లు, మొహం ఉబ్బడం అని అర్థం. పైకి కనపడేది అది. అదే గొడవ లోపల కిడ్నీలో కూడా జరుగుతుంది. రక్తాన్ని వడకట్టే భాగాలకూ గొట్టాలకూ మధ్య ఉండే మెత్తటి జాగాలోకి ఒంట్లోని రక్షణ కణాలు ఎగబడతాయి. అక్కడ వాపు వస్తుంది, పని మందగిస్తుంది. నొప్పి బిళ్ళలు, యాంటీబయాటిక్‌లు, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే గ్యాస్ బిళ్ళలు, ఇవే ఎక్కువగా ఈ పని చేసేవి. అందరికీ చేయవు. లక్షణంగా ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు ఉన్నారు. కొందరికి నిజంగా అవసరం కూడా. కానీ ఎవరికి పడదో ముందు చెప్పడం ఎవరి తరమూ కాదు.

పుస్తకంలో జ్వరం, దద్దుర్లు, కీళ్ళ నొప్పులు అని రాస్తారు. సైదులుకు వచ్చినట్టు అన్నీ కలిసి రావడం అరుదు. గ్యాస్ బిళ్ళ వల్ల వచ్చే వాపు అయితే మరీ నంగనాచి. దద్దురు ఉండదు, జ్వరం ఉండదు. మొదలుపెట్టిన వారాలకో నెలలకో వస్తుంది. కాస్త ఆకలి తగ్గుతుంది, కాస్త వికారం. ఆ వికారానికి ఇంకో గ్యాస్ బిళ్ళ వేసుకుంటారు. మూత్రం పరీక్షలో చీము కణాలు కనపడతాయి. అది చూసి ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ రాస్తారు. నిప్పు ఆర్పడానికి కిరసనాయిలు పట్టుకెళ్ళినట్టుంటుంది మన తెలివి.

కిడ్నీ పని తగ్గేకొద్దీ రక్తంలో క్రియాటినిన్ పెరుగుతుంది. మామూలు కిడ్నీలున్న మనిషికి అది పెరిగితే, ఎందుకు పెరిగిందని కనీసం ఒకరైనా అడుగుతారు. ముందే జబ్బున్నవాళ్ళ విషయంలో ఆ ప్రశ్నే పుట్టదు. పైగా వాళ్ళ దగ్గర మిగిలింది కొంచెమే. అదీ పోతే తర్వాత మిగిలేది మిషనే. కాబట్టి ఎక్కువ వెతకాల్సింది వాళ్ళ విషయంలో. మేం చేసేదేమో సరిగ్గా తిరగేసి.

కవరు

మన ప్రాంతంలో డోసు అనేది ఒకటుంది. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన డాక్టర్లకు ఇది అర్థం కావడానికి టైం పడుతుంది. మెడికల్ షాపుకెళ్ళి, ఒళ్ళు నొప్పులకి రెండు డోసులివ్వండి అంటారు. షాపాయన నాలుగు రకాల షీట్లు తీసి, కత్తెరతో ఒక్కో బిళ్ళా కత్తిరించి చిన్న కాగితం కవర్లో వేసిస్తాడు. ఒకటి నొప్పికి, ఒకటి జ్వరానికి, ఒకటి ఎందుకో ఆయనకే తెలియాలి, చివరిది గ్యాస్‌కి. కత్తిరించిన ముక్క మీద మందు పేరులో సగమే ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. మిరపకోతలప్పుడు కూలీలు సాయంత్రం ఈ డోసులు కొనుక్కుని ఇంటికెళతారు. నొప్పి బిళ్ళ పేరు ఎవరికీ గుర్తుండదు. గ్యాస్ బిళ్ళ మాత్రం రంగుతో సహా గుర్తుంటుంది, ఎందుకంటే దాంతో మంట తగ్గుతుంది. తర్వాత దాన్ని విడిగా కొంటారు. పొద్దున్నే పళ్ళు తోముకున్నాక బిళ్ళ, తర్వాత టీ. ఇంట్లో అత్త వేసుకుంటే కోడలు వేసుకుంటుంది.

అందుకే నా దగ్గరికి ఎవరొచ్చినా, ఇంట్లో ఉన్న మందులన్నీ కవర్లో వేసుకుని రమ్మనేదాన్ని. వచ్చాక ఆ కవరు నా బల్ల మీద బోర్లించమనేదాన్ని. ఒక్కోసారి అందులోంచి పక్కింటావిడ కళ్ళ చుక్కల మందు, బట్టల సబ్బు ముక్క కూడా పడేవి. కాంపౌండరు నవ్వుకునేవాడు. నవ్వుకోనీ. మందుల చీటీ అబద్ధం చెబుతుంది, కవరు అంత అబద్ధం చెప్పదు అని నా నమ్మకం. కవరు కూడా మొత్తం నిజం చెప్పదని రూతమ్మ వచ్చాక తెలిసింది.

రూతమ్మ

రూతమ్మది పెనుగంచిప్రోలు. బళ్ళో మధ్యాహ్న భోజనం వండే పని. పిల్లలందరికీ అన్నం వండే పెద్ద గిన్నెను చెరో చెవి పట్టుకుని దించాలంటే పక్కన ఎవరున్నా సరిపోరని, ఒక్కతే దించేదని వాళ్ళాయన ఏసోబు గర్వంగా చెప్పేవాడు. ఏసోబుకి కాస్త పొలం, కౌలుకి ఇంకాస్త. రూతమ్మకు బీపీ వల్ల కిడ్నీ జబ్బు చాలా ఏళ్ళుగా ఉంది. క్రియాటినిన్ రెండు దగ్గర నిలబడి ఉండేది. ఏడాదికోసారి నందిగామలో పెద్ద డాక్టరుగారికి చూపించుకునేది. ఆయన అప్పటికి ముసలివారయ్యారు కానీ కుర్చీ వదల్లేదు.

ఆమె నా దగ్గరికి వచ్చేసరికి క్రియాటినిన్ ఆరు దాటింది. కొద్ది నెలల్లోనే. ఎడమ మణికట్టు పైన కోత మచ్చ ఉంది. బెజవాడలో ఫిస్టులా వేశారు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా రక్తనాళాలు రెండిటిని కలిపి కుడతారు, అది బలపడ్డాక మిషను మీద పడుకోబెడతారు. ఆ బలపడే కాలంలో ఉంది ఆమె. నా దగ్గరికి వచ్చింది కూడా వైద్యానికి కాదు. వికారం తగ్గట్లేదు, బస్సులో బెజవాడ వెళ్ళే ఓపిక లేదు, జగ్గయ్యపేటకైతే ఆటోలో రావచ్చని వచ్చింది.

"చెయ్యి పట్టుకు చూడండమ్మా, లోపల మోత వస్తా ఉంటది" అని చెయ్యి చాపింది. పట్టుకుంటే తేనెటీగలున్న డబ్బాలా గుయ్‌మంటోంది. ఫిస్టులా బాగా పనిచేస్తోందని దానర్థం. ఆమె మాత్రం దాన్ని ఇంట్లోకి చెప్పకుండా వచ్చి కూర్చున్న చుట్టంలా చూసుకుంటోంది. రోజు మార్చి రోజు బెజవాడ వెళితే బళ్ళో వంటకు ఇంకొకరిని పెట్టుకుంటారని అప్పుడే అనేశారట. పని పోవడం ఆమెకు జబ్బు కంటే ఎక్కువ బాధగా ఉంది. ఆ పని మీదే తను ఇంట్లో తలెత్తుకు తిరుగుతున్నానని అంది.

పాత రిపోర్టులు వరసగా పెట్టుకుని చూశాను. ఏళ్ళ తరబడి రెండు దగ్గర కదలకుండా ఉన్నది ఒక్కసారి ఆరుకు ఎందుకు దూకింది? బీపీ అదుపులోనే ఉంది. షుగర్ లేదు. మూత్రంలో చీము కణాలున్నాయని రెండుసార్లు యాంటీబయాటిక్ కోర్సు ఇచ్చారు, క్రిములు ఉన్నాయో లేదో కల్చరు పరీక్ష చేయించినవాళ్ళు లేరు. నేను చేయించాను. ఒక్క క్రిమీ పెరగలేదు. కవరు తెప్పించి బోర్లించాను. బీపీవి, ఐరన్‌ది, క్యాల్షియంది. దోషి అనదగ్గది ఒక్కటీ లేదు. రెండోసారి అడిగాను. ఇంతేనా రూతమ్మా, ఇంకేం వాడట్లేదా? ఇంతేనమ్మా, దేవుడి తోడు అంది. నాటు మందు? లేదు. నొప్పి బిళ్ళలు? కిడ్నీ ఉందని ఏసోబు వాటి జోలికే పోనివ్వడు.

మర్నాడు పరగడుపున రక్తం ఇవ్వడానికి పొద్దున్నే వచ్చింది. రక్తం తీశాక తలుపు దగ్గర ఆగి, ఇక టీ తాగొచ్చా అని అడిగింది. తాగమన్నాను. కొంగు ముడి విప్పి ఒక బిళ్ళ తీసి నోట్లో వేసుకోబోయింది.

"ఏంటది?" అన్నాను.

"గ్యాస్‌దమ్మా. ఇది వేసుకుంటేనే టీ దిగుద్ది."

"నిన్న కవర్లో లేదే?"

"అది మందు కాదు గదమ్మా, గ్యాస్‌ది."

నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే కుర్చీలోంచి లేచి ఆ మనిషిని కావలించుకుందామన్నంత సంతోషం వచ్చింది. ఎప్పటినుంచి అని అడిగితే, బళ్ళు తెరిచినప్పటి నుంచి అంది. పొద్దున్నే ఏమీ తినకుండా వంటకెళ్ళడం, రుచి చూసుకుంటూ పులుసులు నాకడం, పిల్లలందరికీ పెట్టాక ఎప్పుడో తినడం. మంట రాక ఏమవుతుంది? మొదట ఏసోబు నడుం నొప్పి డోసులో మిగిలిన గ్యాస్ బిళ్ళ వేసుకుంది. హాయిగా ఉంది. ఇక కొనడం మొదలుపెట్టింది. వికారం ఎక్కువయ్యాక ఊళ్ళో ఆర్ఎంపీ పూటకొకటి వేసుకోమన్నాడట. పెద్ద డాక్టరుగారు కూడా అన్ని మందులూ అడిగారు, ఆమె కూడా అన్నీ చెప్పింది. ఎవరి దగ్గరా అబద్ధం లేదు. ఆ బిళ్ళ ఒక్కటే లెక్కలోకి రాలేదు.

ఆ రోజే దాన్ని ఆపించాను. మంటకు వేరే రకం సిరప్ రాశాను, అంతకంటే ముఖ్యంగా వంటకెళ్ళే ముందు రెండు ఇడ్లీలైనా తిని వెళ్ళమని ఒట్టేయించుకున్నాను. తర్వాత వారం రక్తం చూస్తే క్రియాటినిన్ పెరగడం ఆగింది, తగ్గలేదు. ఇది నాకు సగం మాత్రమే సరిపోయింది. పాత మచ్చలు ఎంత, కొత్త వాపు ఎంత అన్నది కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తే తప్ప తెలియదు.

ముక్క పరీక్ష

బెజవాడలో కిడ్నీ డాక్టరు చాలా చిన్నవాడు, మంచివాడు. ఫోన్ చేస్తే ఓపిగ్గా విన్నాడు. కానీ ఒప్పుకోలేదు. ఇంత పాత జబ్బున్న కిడ్నీలో ముక్క తీస్తే మచ్చలే కనపడతాయి మేడమ్, పైగా రక్తం కారితే ప్రమాదం అన్నాడు. అతను చెప్పింది తప్పు కాదు. చిన్నగా ముడుచుకుపోయిన కిడ్నీల్లోంచి ముక్క తీయకూడదు. స్కానింగులో రూతమ్మ కిడ్నీలు కాస్త చిన్నవే కానీ ముడుచుకుపోలేదు. ఆ ఫిల్ములు పట్టుకుని నేనే బస్సెక్కి బెజవాడ వెళ్ళాను. క్లినిక్ బయట పేషెంట్లు నన్ను తిట్టుకుని ఉంటారు.

అతను అన్నీ చూశాడు. చీము కణాలున్నాయి, క్రిములు లేవు, కొత్త మందు ఉంది, అది ఆపగానే పెరుగుదల ఆగింది. "మీరింత గట్టిగా అడుగుతున్నారు కాబట్టి చేద్దాం" అన్నాడు. నన్ను మెప్పించడానికి కాదు, నీకే అనుమానం వస్తే చెయ్యి అన్నాను. ఫిల్ములు మళ్ళీ వెలుగుకు పట్టి చూసి, అనుమానం ఉంది మేడమ్ అన్నాడు. కుర్ర డాక్టర్లు ఇలా మాట మార్చుకోగలగడం నాకు నచ్చుతుంది.

రిపోర్టు వచ్చింది. పాత మచ్చలున్నాయి, వాటి మధ్యలో కొత్త వాపు, మందు పడనప్పుడు వచ్చే రకం కణాలతో సహా. ఆ వాపుకు స్టెరాయిడ్ ఇవ్వచ్చు. ఎంత త్వరగా ఇస్తే అంత లాభం. ఆలస్యమైతే కొత్త వాపు కూడా పాత మచ్చల్లా గట్టిపడి అక్కడే ఉండిపోతుంది. అప్పుడు ఎంత మొత్తుకున్నా ప్రయోజనం లేదు.

నాకు అడ్డం వచ్చింది జబ్బు కాదు, ఏసోబు. స్టెరాయిడ్ అంటే ఒళ్ళు ఉబ్బుద్దంట, ఎముకలు గుల్ల అవుతాయంట అన్నాడు. అవి వట్టి మాటలు కావు, రావచ్చు, కనిపెట్టుకుని ఉంటానని చెప్పాను. డయాలసిస్‌కి అన్నీ ఖాయమయ్యాయి, ఉచిత వైద్యం కార్డు మీద అన్నీ రాయించాం, ఇప్పుడు మళ్ళీ ఇదేంటన్నాడు. చివరికి అసలు మాట అన్నాడు. "పెద్ద డాక్టరుగారు ఒక్క మాట చెబితే చేద్దామండి. మా నాన్న కాలం నుంచి ఆయన మాటే మాకు."

రూతమ్మది పాత జబ్బే అని తేల్చి బెజవాడ రాసింది ఆయనే. నా మీద నాకే నవ్వొచ్చింది. సరే పదండి అన్నాను. రూతమ్మను, ఏసోబును వెంటబెట్టుకుని నందిగామ వెళ్ళాను.

నందిగామలో

ఆయన గది మారలేదు. ఆ కర్రబల్ల, ఆ గాజు సీసాలో దూది. నేను చెప్పేది సగం అయ్యేదాకా చేతికర్ర పిడి తిప్పుతూనే ఉన్నారు. రిపోర్టు బల్ల మీద పెట్టాను, తీయలేదు.

"పోయిన కిడ్నీకి మందేంటమ్మాయ్. కిడ్నీ రోగికి స్టెరాయిడ్ పోసి ఇంకో జబ్బు తెప్పిస్తావా?"

పోయింది అంతా పాత జబ్బు వల్ల పోలేదు సార్ అన్నాను. కొంత పోయింది, కొంత ఇప్పుడే వాచింది, వాచింది తిరిగి రావచ్చు. ఇప్పుడు మొదలుపెట్టకపోతే అదీ పోతుంది. రేపటికి వాయిదా వేసే పని కాదు. నా గొంతు పెరిగిందని నాకే తెలుస్తోంది. ఏసోబు తలుపు దగ్గర తువ్వాలు చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు. రూతమ్మ ఫిస్టులా వేసిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను ఆయన ఎదుట అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఒద్దంటే, మళ్ళీ రేపు వద్దామని, ఎల్లుండీ వద్దామని అనుకుంటూనే ఉన్నాను.

ఆయన రిపోర్టు తీశారు. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు. తర్వాత కాగితం దించకుండానే అడిగారు.

"ఆ గరికపాడు డ్రైవరు. వీపు మీద దద్దుర్లన్నావు గదూ?"

అన్నేళ్ళయింది. ఆయన మర్చిపోయారనే అనుకున్నాను. అవును సార్ అన్నాను.

ఆయన ఏసోబును దగ్గరికి పిలిచి, "ఈ అమ్మాయి ఏం చెబితే అది చెయ్యి. ఇవాళే మొదలుపెట్టు" అన్నారు. వెళ్ళేటప్పుడు లేచి గుమ్మం దాకా వచ్చారు. ఆయన రోగుల కోసం లేవడం చూశాను, నా కోసం లేవడం అదే మొదటిసారి. బస్టాండుకు వెళ్ళే దారిలో నాకు ఏడుపొచ్చింది. సైదులు గురించో, ముసలాయన గురించో తెలియదు. ఇద్దరి గురించీ అనుకుంటాను.

తర్వాత

స్టెరాయిడ్‌తో రూతమ్మ మొహం గుండ్రంగా అయింది. ఊళ్ళో వాళ్ళు ఒళ్ళు చేశావు అంటే నవ్వేదట. క్రియాటినిన్ నెమ్మదిగా దిగడం మొదలైంది. ఆరు నుంచి అయిదు, నాలుగు, చివరికి మూడు దగ్గర ఆగింది. రెండుకు రాలేదు. ఇది దాచను. ఆమె పోగొట్టుకున్నది కొంత తిరిగి రాలేదు. ఆ బిళ్ళ గురించి కాస్త ముందు అడిగి ఉంటే వచ్చేదేమో. పాత జబ్బు కూడా ఎక్కడికీ పోలేదు, దాని నడక అది నడుస్తుంది. ఎప్పటికైనా ఆ ఫిస్టులా వాడాల్సి రావచ్చు. ఆ రోజును ఎంత వెనక్కి నెడితే అంత మనది. మిషను మీద పడుకోకుండా ఆమె మళ్ళీ బడికి వెళ్ళింది. ఎడమ చేత్తో బరువులెత్తకూడదు కాబట్టి గిన్నె దించడానికి ఇంకొకరు సాయం పడతారు. ఒక్కతే దించలేకపోతున్నానని ఆమెకు ఇప్పటికీ చిన్నతనం.

ఆమెకు పడని మందు పేరు ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసిచ్చాను. కంపెనీ పెట్టిన పేరు కాదు, లోపలి మందు పేరు. అదే మందు పది పేర్లతో, పది రంగుల్లో వస్తుంది. మెడికల్ షాపుల వాళ్ళతో కూడా పోట్లాడాను. షీటు కత్తిరిస్తే మందు పేరున్న ముక్క రోగికే ఇవ్వమని. కొందరు విన్నారు. కొందరు నేను వీధి మలుపు తిరగగానే కత్తెర తీశారు. విననివాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. నా కుర్చీలో కూర్చున్న అమ్మాయ్, నువ్వూ వెళ్ళు. విసుగొస్తే టీ తాగి మళ్ళీ వెళ్ళు.

నా గది తీసుకున్న అమ్మాయికి చెప్పాల్సింది ఇంతే. కిడ్నీ జబ్బున్న మనిషి క్రియాటినిన్ దూకితే, ఏం కొత్తగా వేసుకున్నావని అడుగు. లేదంటారు. పొద్దున లేచింది మొదలు ఏమేం మింగుతావో వరసగా చెప్పమను. మందు అనే మాటే వాడకు. చీము కణాలు కనపడగానే యాంటీబయాటిక్ రాయకు. అలాగని ఇది చదివి అందరి చేతా గ్యాస్ బిళ్ళలు మాన్పించేయకు, కొందరి కడుపులో పుళ్ళు దాంతోనే మానతాయి. అవసరం ఉన్నవాళ్ళెవరో, అలవాటు పడ్డవాళ్ళెవరో కూర్చుని తేల్చు. నిలబడి తేల్చకు.

క్లినిక్ అప్పగించేశాక, మొన్నామధ్య పెనుగంచిప్రోలు చర్చిలో స్త్రీల కూటానికి నన్ను పిలిచారు, ఆరోగ్యం గురించి రెండు మాటలు చెప్పమని. రెండు మాటలతో ఆపడం నాకు చేతకాదు. కిడ్నీ బొమ్మ గీసి చూపించాను, వాపు గురించి చెప్పాను. ముందు వరసలో ఇద్దరు కునుకు తీస్తున్నారు. ఒకావిడ వంటకు టైమైందని చెప్పులు వెతుక్కుంటోంది. నేను ఆపేద్దామా అనుకుంటుంటే వెనక నుంచి రూతమ్మ లేచింది. ముందుకొచ్చి చాప మీద కూర్చుని ఎడమ చెయ్యి చాపింది.

"వచ్చి పట్టుకు చూడండి" అంది.

చెప్పులు వెతుక్కుంటున్న ఆవిడే మొదట వచ్చి చెయ్యేసింది. వేసిన వెంటనే వెనక్కి తీసేసింది. అమ్మో, లోపల ఏదో తిరుగుతోంది అంది. దాంతో కునికేవాళ్ళు కూడా లేచారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ మణికట్టు మీద అరచెయ్యి పెట్టి, లోపలి మోత తెలిసేదాకా ఉంచి, పక్కకు తప్పుకుంటున్నారు.

"పొద్దున్నే వేసుకునేది మందు కాదనుకున్నా" అంది రూతమ్మ. "మందు కాదనుకునే ఇది తెచ్చుకున్నా. డాక్టరమ్మగారు అడిగినా చెప్పలేదు. చెప్పాలని తెలిస్తే గదా."

అందరికంటే పెద్దావిడ ఒకామె రొంటిన దోపుకున్న చేతి సంచీ తీసింది. తాడు విప్పి చాప మీద బోర్లించింది. చిల్లర, వక్కపొడి, ఇంటి తాళం, పేరు లేని ఒక షీటు ముక్క. ఆమె వెనక ఇంకొకామె పర్సు విప్పుతోంది. ఇంకొకామె పిల్లను ఇంటికి పంపించి కవరు తెమ్మంటోంది.

నేను కళ్ళజోడు పెట్టుకుని చాప మీద కూర్చున్నాను.